ఎర్రమట్టిలో సైకిల్ గెంతులు
కొండదారుల్లో సైకిల్ తొక్కడమంటే ఖరీదైన ఆట అనుకుంటాం. కానీ 1970లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతోనే మొదలుపెట్టారు. 1996కల్లా అది ఒలింపిక్స్‌కెక్కింది!

జహీరాబాద్‌లో ఇద్దరు దోస్తులకి రెండు పారలు, దిమ్మిస, స్థలం ఆసామి అనుమతి ఉంటే చాలు. ఇక్కడి ఎర్రమట్టిని కాస్త తడిపి దిమ్మిసతో కొడితే గట్టిపడుతుంది. అయితే ఎగిరే దిబ్బ కన్నా ముందు దిగే వాలు కట్టండి. దెబ్బలు ఎక్కువగా తగిలేది దిగేటప్పుడే. రెండింటి మధ్యా గుంత వదలకుండా మట్టి నింపితే, గెంతు చాలకపోయినా చక్రం దొర్లిపోతుంది. వాననీటికి పక్కనుంచి కాలువ తీయండి. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు కనిపెట్టుకుని ఉండాలి. హెల్మెట్ లేకుండా మాత్రం వద్దు!