పెట్టెలో కాపురం: కంటైనర్ ఇళ్ల మీద అపోహలు – వాస్తవాలు

మామిడి తోట మధ్యలో నీలం రంగు ఇనప పెట్టె. దానికో గాజు తలుపు, ముందు చెక్క వరండా, వరండాలో ఉయ్యాల. ఫోన్‌లో ఆ వీడియో చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. షాద్‌నగర్, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు నాలుగు గుంటలు కొనుక్కున్నవాళ్లు, భీమిలి దారిలో సముద్రం కనిపించే గది ఒకటుంటే చాలనుకునేవాళ్లు ఇప్పుడు కంటైనర్ ఇళ్ల కోసం వాకబు చేస్తున్నారు. ఆ మోజులో తప్పేమీ లేదు. ఏడాదిన్నర పాటు మేస్త్రీల చుట్టూ తిరిగినవాళ్లకు, కొన్ని వారాల్లో లారీ మీద ఇల్లొచ్చి దిగుతుందంటే అది చిన్న మాట కాదు. మా బావగారు కూడా రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి తోటలో అలాంటిదే దింపించుకున్నారు. ఆయన పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఓడల మీద బరువులు మోసిన పెట్టె, దానికేమవుతుంది!

వాస్తవం: 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ 58 పెట్టెలతో తొలి ఓడ నడిపినప్పటి నుంచి కంటైనర్ పని ఒక్కటే: సరుకు మోయడం. నిండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎనిమిదేసి వరుసలు పేర్చినా ఆగుతాయన్నది నిజమే. కానీ ఆ బరువంతా నాలుగు మూలల్లో ఉన్న ఉక్కు స్తంభాల మీద పడుతుంది. పక్క గోడలు, కప్పు దాదాపు రెండు మిల్లీమీటర్ల మందమున్న ముడతల రేకులే. కప్పుకు చేసే అంతర్జాతీయ పరీక్షలో అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్పై సెంటీమీటర్ల వెడల్పు చోటులో పెట్టే బరువు 300 కిలోలు. ఇద్దరు మనుషులు ఎక్కి పని చేసుకోవడానికి సరిపోయే లెక్క అది.

మా బావగారి ఇంటికి ఫాబ్రికేటర్ 500 లీటర్ల నీళ్ల ట్యాంకును కప్పు మీద సరిగ్గా నడిమధ్యన పెట్టించాడు. నిండితే అర టన్ను. ఒక్క వానాకాలం తిరిగేసరికి అక్కడ రేకు పళ్లెంలా దిగింది. ఆ పళ్లెంలో వాన నీరు నిలిచింది. ఇంటికి తొలి తుప్పు అక్కడే పట్టింది. తర్వాత ట్యాంకును పక్కన విడిగా స్టాండు వేయించి దాని మీదకు మార్చారు. ఆ పని మొదటే చేయాల్సింది.

కిటికీల కోసం గోడ కోసినా ఇదే సంగతి. ఆ ముడతల రేకే పెట్టె పక్కకు ఒరగకుండా పట్టి ఉంచుతుంది. కోసిన ప్రతి చోటా చుట్టూ ఇనప చట్రం వెల్డింగ్ చేయాలి. రెండు పెట్టెలు కలిపి మధ్య గోడ తీసేసి హాలు చేస్తే పైన దూలం, కింద స్తంభాలు తప్పనిసరి. డ్రాయింగ్ మీద స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం ఉందా అని అడగండి. లేదంటే ఆ హాలు వద్దనుకోండి.

అపోహ: కంటైనర్ ఇల్లని అమ్మేదంతా ఓడ మీద తిరిగిన కంటైనరే.

వాస్తవం: కాదు. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం షెడ్డులో ఇనప గొట్టాలు, రేకులు కలిపి కొత్తగా చేసిన క్యాబిన్లు. అవి తక్కువ రకమని అనను. నిజానికి కాపురానికి అవే కొన్నిసార్లు నయం, పది పన్నెండు అడుగుల వెడల్పుతో చేయించుకోవచ్చు. కానీ ఓడ పెట్టె ధర చెప్పి క్యాబిన్ ఇస్తే మాత్రం అది మోసం. అసలు కంటైనర్ తలుపు మీద సీఎస్‌సీ ప్లేటు అనే లోహపు బిళ్ల ఉంటుంది. తయారైన తేదీ, మోయగల బరువు దాని మీద ముద్రించి ఉంటాయి. చాలా పెట్టెలకు నేలచెక్కకు పట్టించిన మందు పేరు కూడా తలుపు మీద రాసి ఉంటుంది. ఆ నేల 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్. పురుగు పట్టకుండా దానికి పురుగుమందు ఎక్కిస్తారు. చంటిపిల్లలు పాకే ఇల్లైతే ఆ చెక్క తీయించేయడం మంచిది.

అపోహ: గోడలకు పఫ్ (వేడిని ఆపే నురగ) కొట్టి ఏసీ పెడితే ఎండ బాధ ఉండదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే.

మే నెలలో ఒక మధ్యాహ్నం నేను బావగారి ఇంట్లో ఉన్నాను. ఏసీ నడుస్తోంది, గది చల్లగానే ఉంది. గోడ మీద ప్యానెల్ బిగించిన స్క్రూ తల మీద వేలు పెడితే చురుక్కుమంది. బయటి రేకుకు, లోపలి ప్యానెల్‌కు మధ్య ఇనప గొట్టాలున్నాయి, వాటి గుండా వేడి తిన్నగా లోపలికొస్తోంది. పఫ్ కొట్టింది గొట్టాల మధ్య ఖాళీల్లోనే. గొట్టాల మీద ఏమీ లేదు. కరెంటు పోయిన ఇరవై నిమిషాలకు లోపల కూర్చోలేక మామిడి చెట్టు కిందకు వెళ్లాం.

ఆగస్టులో ఇంకో కష్టం. ఏసీతో చల్లబడ్డ రేకు మీద తేమ పట్టి, ప్యానెల్ వెనక నీళ్లు కారాయి. గోడకున్న క్యాలెండర్ తీసి చూస్తే వెనక నల్లగా బూజు. రాక్‌వూల్ పెట్టినా పఫ్ పెట్టినా తేమ గాలి చల్లబడ్డ రేకును తాకకుండా అడ్డుపొర ఉండాలి, గాలి ఆడే దారి ఉండాలి. వీటన్నిటికన్నా ముందు, కప్పు మీద రెండడుగుల ఎత్తున ఇంకో రేకు కప్పు వేసి చుట్టూ అంచులు బయటకు వదలాలి. ఎండ పెట్టెను తాకకపోతే సగం బాధ తీరినట్టే. మన పెద్దలు పెంకుటింటికి నాలుగు వైపులా చూరు దించింది ఊరికే కాదు.

అపోహ: ఇరవై అడుగుల గదంటే విశాలమే.

వాస్తవం: పొడవు ఇరవై. వెడల్పు బయట ఎనిమిది అడుగులు, లోపల 2.35 మీటర్లు. ప్యానెళ్లు వేశాక ఏడడుగులు మిగులుతుంది. అయిదడుగుల మంచం వేస్తే పక్కన రెండడుగుల దారి. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ (2016) నివాస గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు, ఏసీ గదికైతే 2.4 మీటర్లు చెబుతుంది. మామూలు కంటైనర్ లోపలి ఎత్తు 2.39 మీటర్లే. హై క్యూబ్ రకం 2.69. కొంటే హై క్యూబే కొనండి. సీలింగ్ ఫ్యాన్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

అపోహ: ఇది కట్టడం కాదు, పర్మిషన్ అక్కర్లేదు.

వాస్తవం: అమ్మేవాళ్లు నోటితో చెబుతారు తప్ప కాగితం మీద రాసివ్వరు. పునాది పిల్లర్ల మీద కూర్చోబెట్టి, బోరు నీళ్లు, కరెంటు, సెప్టిక్ ట్యాంకు కలిపి మనుషులు ఉంటుంటే పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా దాన్ని ఇల్లుగానే చూడగలదు. తెలంగాణలో వ్యవసాయ భూమిలో ఇల్లంటే నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చుకోవడం) ప్రశ్న వస్తుంది. చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండినప్పుడు నీరు చేరే హద్దులో) పెడితే చక్రాలున్నా కాపాడవు. గృహరుణానికి బ్యాంకు చూసేది స్థలం హక్కు, ఆమోదం పొందిన ప్లాను. అవి లేకుండా కొన్నవాళ్లు ఎక్కువ వడ్డీ వ్యక్తిగత రుణంలోకి దిగుతున్నారు.

అపోహ: ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తుకుపోవచ్చు.

వాస్తవం: ఖాళీ నలభై అడుగుల పెట్టే మూడున్నర టన్నుల పైన ఉంటుంది. దానికి ట్రైలర్, క్రేన్, మలుపు తిరిగేంత రోడ్డు, పైన కరెంటు తీగలు లేని దారి కావాలి. బాత్రూం టైల్స్ ప్రయాణంలో పగులుతాయి. అతికించిన పెట్టెలను మళ్లీ కోయాలి.

అపోహ: కంటైనర్‌కు వాడే కార్టెన్ స్టీల్ తుప్పు పట్టదు.

వాస్తవం: నెమ్మదిగా పడుతుంది, అంతే. నీరు నిలిచే చోట, ఉప్పుగాలి తగిలే భీమిలి, కాకినాడల్లో ఆ నెమ్మది కూడా ఉండదు. ఏటా గీకి, ప్రైమర్ కొట్టి రంగు వేయాల్సిందే.

ఇంకొకటి ఎవరూ అడగరు కనుక గట్టిగా చెబుతున్నాను. ఇల్లంతా ఇనుమే. ఒక్క తీగ తోలు ఊడి రేకును తాకితే తలుపు గడియ కూడా షాక్ కొడుతుంది. పెట్టెను విడిగా ఎర్త్ చేయించండి. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. దానికయ్యే ఖర్చు గాజు తలుపు ఖర్చులో ఏ మూలకూ రాదు.

బావగారు ఆ ఇల్లు అమ్మలేదు. పైన రెండో కప్పు వేయించారు, పడమర వైపు కానుగ మొక్కలు నాటారు. దసరా నుంచి శివరాత్రి దాకా అక్కడే ఉంటున్నారు. ఈ మరమ్మతులన్నిటికీ అయింది, పెట్టెకు పెట్టిన దానికన్నా ఎక్కువ.

మీరూ కొనాలనుకుంటే అడ్వాన్సు ఇచ్చే ముందు, అదే ఫాబ్రికేటర్ రెండేళ్ల కిందట చేసిన ఇల్లు ఒకటి చూపించమనండి. మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లండి. ఏసీ ఆపించి అరగంట కూర్చోండి. ఆ ఇంట్లో ఉండే ఆడవాళ్లను వంటగది గురించి అడగండి. ఆ తర్వాతే డబ్బు తీయండి.