పొలము పనిలో సోకు స్క్రబ్ టైఫస్ జ్వరము

వేరుశనగ పీకు దినములలోను, ఆ వెనుక వచ్చు ఈశాన్య ఋతుపవనపు వానలలోను మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెలలో ఒక జ్వరము కనిపించుచుండును. మొదట చలి, తలనొప్పి, ఒళ్లు నొప్పులు. మందుల అంగడిలో కొన్న మాత్రలతో తగ్గదు. రెండవ వారములో కొందరికి మాట తడబడును, అయినవారిని గుర్తించరు, రాత్రిపూట లేచి తిరుగుదురు. ఇంటివారు గాలి సోకినదనియో, అప్పుల దిగులుతో మతి చెడినదనియో తలచి తాయెత్తు కట్టించుటకు తీసికొనిపోవుదురు. అట్లు తిరుగుటలో గడచిపోవు రెండు మూడు దినములే ప్రాణము మీదికి తెచ్చును. ఈ జ్వరమునకు చౌకైన మంచి మందు ఉన్నది. వేళకు పోల్చుకొనుటే కష్టము.

దీని పేరు స్క్రబ్ టైఫస్. పేరు దగ్గరగా వినిపించినను టైఫాయిడుకును దీనికిని సంబంధము లేదు. టైఫాయిడు చెడిన నీటివలన, తిండివలన వచ్చును. ఇది పురుగు కాటువలన వచ్చును. స్క్రబ్ అనగా పొదలు, గడ్డి పెరిగిన నేల. టైఫస్ అను మాట పొగ, మబ్బు అను అర్థముగల పాత గ్రీకు పదమునుండి పుట్టినది. రోగి బుద్ధికి మబ్బు కమ్మునని వైద్యులు ఆ పేరు పెట్టిరి. మతి తప్పుట ఈ జ్వరమునకు ఎంత పాత లక్షణమో పేరే చెప్పుచున్నది.

మిరప, వంగ పైరులకు పట్టు నల్లిని మీరెరుగుదురు. దానికి దూరపు చుట్టమైన మరొక నల్లి గడ్డిలోను, పొదల మొదళ్లలోను ఉండును. పెద్దదైన నల్లి మనలను కుట్టదు, మట్టిలోనే బ్రతుకును. గుడ్డునుండి వెలువడిన పిల్ల మాత్రము ఎలుకనో, దారిన పోవు మనిషినో పట్టుకొనును. అది మిల్లీమీటరులో అయిదవ వంతు ఉండును గనుక కంటికి ఆనదు, కుట్టినట్లును తెలియదు. ఓరియెన్షియా సుత్సుగముషి అను సూక్ష్మజీవి దాని కాటుద్వారా మన ఒంటిలో చేరును. తల్లి నల్లినుండి గుడ్లకు కూడ ఈ జీవి సంక్రమించును. అందుచే ఒకసారి రోగము పాదుకొన్న చోట ఏటేట వచ్చుచుండును. గెనిమలపై గడ్డి కోయు స్త్రీలు, చెరకు తోట అంచున పనిచేయువారు, వంక ఒడ్డున మేకలు కాచువారు, బీడు కొట్టువారు, వీరికే ముప్పు ఎక్కువ. మనిషినుండి మనిషికి ఇది అంటదు. కావున రోగిని తాకుటకు జంకవలదు.

కుట్టిన 6 మొదలు 21 దినములలోపల, చాలమందికి 10, 12 దినములకు, జ్వరము మొదలగును. కుట్టిన చోట బీడీతో చురుక పెట్టినట్లు నల్లని చెక్కు కట్టి చుట్టును ఎర్రగా నుండును. దురద లేదు, నొప్పి లేదు. కావున రోగి దానిని చెప్పడు. చంకలు, గజ్జలు, మొలత్రాడు కట్టు చోటు, స్త్రీలకు రొమ్ముల క్రింద, మోకాలి వెనుక, ఇట్టి మరుగు చోట్లనే అది ఉండును. జ్వరపు రోగిని వెలుతురులో నిలిపి ఇంటివారే వెదకవలెను. కనబడినచో వైద్యునికి చూపుడు. కనబడకున్నను నిర్లక్ష్యము వలదు. చాలమందికి ఆ మచ్చ ఉండనే ఉండదు. కొందరికి చెవులు వినపడవు. దగ్గు, ఆయాసము, కామెర్లు వచ్చుటయు కలదు.

మతి తప్పినది జ్వరమువలననా, మనోవ్యాధివలననా అని ఎట్లు తెలియును? మొన్నటివరకు బాగుండి, జ్వరము వచ్చిన కొద్ది దినములకే తికమకపడి, పగలు కొంత తెలివిగా నుండి రాత్రి ఎక్కువగా పలవరించువానిని మొదట జ్వరపు రోగిగానే ఎంచి ఆసుపత్రికి చేర్చవలెను. సూక్ష్మజీవి మెదడు పొరలకు వాపు తెచ్చినప్పుడు ఇట్లగును. మందు పడి జ్వరము దిగినచో చాలమందికి తెలివి తిరిగి వచ్చును.

ఇది ఎక్కడో అడవి దేశపు రోగమని తలచవలదు. తిరుపతిలో మనము స్విమ్స్ అని పిలుచు శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలోని సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులు జ్వర రోగుల రక్తమును పరీక్షించి 2015లో ఫలితములు ప్రకటించిరి. ఆంధ్ర దక్షిణ ప్రాంతమున ఈ జ్వరము ప్రబలినప్పుడు సూక్ష్మజీవి ఏ తెగకు చెందినదో పరిశీలించి 2016లో మరియొక పత్రము వెలువరించిరి.

రక్తపరీక్షను గూర్చి ఒక మాట. పాత వీల్-ఫెలిక్స్ పరీక్ష చాలమంది రోగులను విడిచిపెట్టును. నేడు ఐజీఎమ్ ఎలీసా అను పరీక్ష మేలైనది. అది సూక్ష్మజీవిని గాక, దానిని ఎదిరించుటకు మన ఒంటిలో పుట్టు పదార్థమును చూపును. ఆ పదార్థము పుట్టుటకు వారము వరకు పట్టును. కావున రెండవ నాడు చేయించిన పరీక్షలో లేదని వచ్చినంత మాత్రమున రోగము లేనట్లు కాదు. జ్వరము ఎన్నవ దినమో వైద్యునికి చెప్పుడు; గడ్డి పని, పొదల పని చేసినదియు చెప్పుడు. పరీక్ష ఫలితమునకు ఎదురుచూడక, అనుమానము గలిగిన వెంటనే మందు ఇయ్యవలెనని భారత వైద్య పరిశోధన మండలి 2015లో సూచించినది.

ఆ మందు డాక్సీసైక్లిన్. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇత్తురు. రెండు దినములలో జ్వరము దిగుట సామాన్యము. సూక్ష్మజీవి మన కణముల లోపల దాగి యుండును గనుక పెన్సిలిన్ జాతి మందులు దీనిపై పనిచేయవు. ఊరిలో సూది వేయించుకొని కూర్చుండుట అందుకే పనికిరాదు. రోగము ముదిరినవారి విషయమై వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ముందుండి నడిపిన పరిశోధన 2023లో వెలువడినది. అందు 794 మందిని పరీక్షించిరి. రెండు మందులను కలిపి నరమునకు ఎక్కించినవారిలో నూటికి 33 మందికి చెడు ఫలితము కలుగగా, ఒక్క మందే ఇచ్చినవారిలో 47, 48 మందికి కలిగెను. ముదరనిచ్చినచో పెద్ద ఆసుపత్రిలో కూడ పని ఎంత కష్టమో దీనివలన తెలియును.

దీనికి టీకా లేదు. గడ్డి పనికి పోవునప్పుడు నిండు చేతుల చొక్కా, కాళ్లను కప్పు బట్ట వేసికొనుడు. గడ్డి మీద పండుకొనుట, బట్టలు ఆరవేయుట మానుడు. పని నుండి వచ్చిన వెంటనే సబ్బుతో రుద్ది స్నానము చేసి బట్టలు మార్చుడు. పిల్లపురుగు చర్మమును పట్టుకొని రెండు మూడు దినములు మేయును గనుక తొందరగా రాలగొట్టుట మేలు. ఇంటి చుట్టు పిచ్చిగడ్డి లేకుండ చూడుడు. గింజలకు ఎలుకలు చేరనీయకుడు.

పైరుకు మందు కొట్టిన కొన్ని గంటలలోనే చెమట, నోట చొంగ, వాంతులు, కండరముల అదురు, తికమక కనిపించి కంటిపాప సూదిమొనంత అయినచో అది విషము. బట్టలు తీసి ఒళ్లు సబ్బుతో కడిగి, మందు సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తవలెను. ఇక జ్వరము లేక, మందు తగలక, వారముల తరబడి నిద్రలేమి, దిగులు, బ్రతుకుపై విరక్తి కలిగినచో అదియు వైద్యము గల వ్యాధియే. ప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలి మానస్ సేవకు 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.