ఓడలు వెడలిపోయిన ఒడ్డు

నెల్లూరు సీమకు దక్షిణపు కొసన, వాకాడుకు తూర్పుగా, దుగరాజపట్టణమను పల్లె యొకటి కలదు. పేరులో పట్టణమున్నదే గాని ఊరిలో పట్టణ లక్షణ మొక్కటియు కానరాదు. ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, ఎండకు ఆరవేసిన వలలు, ఎడతెగని సముద్రపు హోరు. చూడవచ్చినవాని కంటికి ఆనునవి ఇవియే. కోట యేదియని అడిగినచో వేలెత్తి చూపదగినంత శిథిలము కూడ మిగులలేదు.

చెన్నపట్టణ మెక్కడ పుట్టినదని పాఠశాల బాలుని ప్రశ్నించినచో సెయింట్ జార్జి కోటలోనని తడుముకొనక చెప్పును. ఆ సమాధానము తప్పు కాదు. కాని ఆ కోటను కట్టిన వర్తకులు అంతకు మున్ను పదునాలుగేండ్లపాటు కాపురముండినది ఈ పల్లెలోనే. ఆ సంగతి ఊరివారిలో ఎందరికో తెలియదు. చెన్నపట్టణము వారికి అసలే తెలియదు.

ఆర్మగాను కథ

ఆంగ్లేయ వర్తకులు 1611లో మచిలీపట్టణమున దిగిరి. అచటి అధికారులతో వారికి తరచు చిక్కులు కలుగుచుండెను. దక్షిణమున పులికాటులో అప్పటికే డచ్చివారు పాతుకొని యుండిరి. వారితో కూడి అచట వర్తకము చేయవలెనని 1621లో ఆంగ్లేయులు చేసిన యత్నము ఫలింపలేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా! అందుచేత పులికాటుకు ఉత్తరముగా, ఓడలకు కొంత మాటు దొరకు తావు వెదకి, 1626లో దుగరాజపట్టణమున వర్తకశాల నెలకొల్పుకొనిరి. ఆ తావునకు వారు పెట్టిన పేరు ఆర్మగాన్. తమకు తోడ్పడిన ఆర్ముగ మొదలియారు అను స్థానికుని పేరే అట్లు మారినదని చెప్పుదురు. పల్లె ఆ పేరును మరచినను, తీరమునందలి దీపస్తంభమునకు నావికుల వాడుకలో అదియే నిలిచి యున్నది.

1628 నాటికి ఆ వర్తకశాలకు పండ్రెండు ఫిరంగులును, గుమాస్తాలు, సైనికులు కలసి ఇరువది మువ్వురును కాపు ఉండిరి. చోళమండల తీరమున ఆంగ్లేయులు ఆయుధములతో భద్రపరచుకొన్న మొదటి స్థావర మిది. మచిలీపట్టణమున ఇక్కట్లు ముదిరినపుడు అచటి వర్తకులు కొంతకాలము ఇచటనే తలదాచుకొనిరి.

అయినను ఆర్మగాను వారికి అచ్చిరాలేదు. వారు కోరి వచ్చినది బట్ట. ఆ కాలమున తూర్పు దీవులలో లవంగము, జాజికాయ కొనవలెనన్నచో వెండికంటె తెలుగు, తమిళ సీమల అద్దకపు బట్టయే ఎక్కువ చెల్లుబాటయ్యెడిది. చిరివేరుతో అద్దిన ఎరుపు ఉతికినకొలది నిగ్గుదేరునని దానికి ప్రసిద్ధి. అట్టి బట్ట ఆర్మగాను చుట్టుపట్ల తగినంత దొరకలేదు; దొరకినది చౌక కాలేదు. అప్పుడు అచట అధికారిగా ఉండిన ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి మద్రాసుపట్టణమను చోట ఇసుక తిన్నె నొకదానిని చూచి వచ్చెను. దామెర్ల వేంకటాద్రి నాయకుడు 1639లో దానిని వారికి అనుగ్రహించెను. 1640 ఫిబ్రవరిలో ఆర్మగాను సరంజామా ఓడల కెక్కినది. నాయకుని తండ్రి చెన్నప్ప పేరిట చెన్నపట్టణము వెలసినది. ఇచట పల్లె మాత్రము మిగిలినది.

ప్రళయకావేరి

దుగరాజపట్టణమునకు దక్షిణమున సముద్రమునకును భూమికిని నడుమ పరచుకొని యున్నది పులికాటు సరస్సు. ఉప్పునీటి సరస్సులలో ఈ దేశమున చిలుకకు తరువాత పెద్దది ఇదియే. దీనికి ప్రళయకావేరి అని మరియొక పేరు కలదు. పేరు విన్నవారు భయపడుదురు గాని, నీరు చాలచోట్ల నడుము లోతునకు మించదు. కాళంగి, ఆరణి నదులు తెచ్చు మంచినీరును, ముఖద్వారములగుండ వచ్చు సముద్రపు నీరును ఇందు కలియును. అందుచేతనే రొయ్యలు, పీతలు, చేపలు, వానికై వచ్చు పక్షులు ఇచట సమృద్ధిగా ఉండును. శీతకాలమున రాజహంసలు వేలకొలది దిగి, నీటి అంచున గులాబి రంగు గీత గీసినట్లు నిలుచును. దగ్గరనే నేలపట్టులో నీటి కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. ఆ చెరువును 1976లో పక్షుల రక్షణకేంద్రముగ ప్రకటించిరి.

నేటి యాత్రికుల రాక ప్రధానముగా ఈ పక్షులకొరకే. సూళ్లూరుపేటలో దిగి, నేలపట్టు చూచి, తడ దగ్గర భీములవారిపాలెమున పడవ యెక్కి, కొంతసేపు నీటిపై తిరిగి, ఓపిక యున్నవారు రాష్ట్రపు ఎల్ల దాటి పులికాటు పట్టణమునకు పోయి డచ్చి సమాధులను చూచి, చీకటిపడకముందే మరలిపోవుదురు. ఒక్కనాటి యాత్ర. ఛాయాచిత్రములు పదిలముగా ఇల్లు చేరును. కాని చూచినదేమి యనునది వేరు ప్రశ్న.

రాళ్లు చెప్పునవి

డచ్చివారు పులికాటున దిగుటకు అనుజ్ఞ యిచ్చినది చంద్రగిరి నుండి ఏలుచుండిన ఆరవీటి వేంకటపతిదేవరాయలు. 1612లో పోర్చుగీసువారు వచ్చి వారి వర్తకశాలను ధ్వంసము చేయగా, మరుసటి యేట డచ్చివారు కోట కట్టుకొని దానికి గెల్డ్రియా అని పేరిడిరి. చోళమండల తీరమున వారి వర్తకమునకెల్ల 1690 వరకు అదియే రాజధాని. అచట తుపాకిమందు చేసిరి, నాణెములు ముద్రించిరి, బట్టల మూటలు కట్టి బటేవియాకు పంపిరి. ఆ కోట నేడు ముండ్లపొదలు క్రమ్మిన మట్టిదిబ్బ.

సమాధులు మాత్రము చెక్కుచెదరలేదు. భారత పురావస్తుశాఖ కాపాడుచున్న ఆ ఆవరణలో సుమారు 76 సమాధులు కలవు. ద్వారముకడ రెండు అస్థిపంజరముల శిల్పములు నిలిచి, లోనికి వచ్చువారికి కాయము నిత్యము కాదని హెచ్చరించుచుండును. లోపల నల్లరాతి పలకలపై డచ్చి అక్షరములు, వంశచిహ్నములు, పూలతీగలు లోతుగా చెక్కబడి యున్నవి. ఎవరు పుట్టినది, ఎన్నడు గిట్టినది, ఏ కొలువు చేసినది రాయి పూసగ్రుచ్చినట్లు చెప్పును.

రాయి చెప్పనివారి మాట ఏమి? ఈ పులికాటులోనే 1630 దశకమున అబ్రహాము రోజరు అను డచ్చి మతగురువు పదియేండ్లు నివసించెను. పద్మనాభుడను బ్రాహ్మణుడు ఆయనకు ఈ దేశపు ఆచారములను, శాస్త్రములను విడమరచి చెప్పెను. భర్తృహరి నీతి, వైరాగ్య శతకముల భావమును వివరించెను. రోజరు వ్రాసికొన్న గ్రంథము ఆయన మరణానంతరము 1651లో హాలెండున అచ్చుపడినది. ఐరోపాలో సంస్కృత కావ్యమొకటి అచ్చెక్కుట అదియే మొదలు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యములలో బాలురు వల్లెవేయు సుభాషితములు, ఆయన పుట్టుకకు మున్నే ఈ సరస్సు ఒడ్డునుండి ఓడ యెక్కినవన్నమాట. అంత చెప్పిన పద్మనాభునకు ఇచట రాయి లేదు.

ఇంకను లెక్కకు రానివారు కలరు. 1620లలోను, 1640లలోను ఈ తీరమున కరవు విరుచుకొని పడినది. తిండిలేక తల్లిదండ్రులు బిడ్డలను, బిడ్డలు తమ్ము తామును అమ్ముకొనిరి. డచ్చివారు వారిని కొని, బట్టల మూటలతోపాటు ఓడలలో నింపి, తూర్పు దీవులలో తోటపనులకును, ఇంటిచాకిరికిని పంపిరి. అట్లు పులికాటు రేవునుండి వెడలినవారు వేలకొలది. వారిలో తెలుగువారెందరో, తమిళులెందరో రాయి చెప్పదు. వారి పేరు చెక్కిన పలక ఈ ఒడ్డున ఒక్కటియు లేదు. సమాధుల పనితనమును మెచ్చుకొనువారు ఆ నునుపు దేనితో కొన్నదో ఒక్క నిమిషము తలచుకొనుట న్యాయము.

అన్యదేశపు నిదర్శనము

సముద్రయాత్రకు వచ్చి, కొన్ని గంటలు ఒడ్డు దిగి, శిథిలములు చూచి, పల్లె నొకదానిని చుట్టి మరలిపోవుట నేడు లోకమంతట పెద్ద వ్యాపారము. మెక్సికో దేశపు యూకతాన్ తీరమున తూలుము అను ప్రాచీన నగరము కలదు. సముద్రము పైనున్న కొండగట్టుమీద గోడ కట్టుకొని వెలసిన మాయాజాతివారి రేవుపట్టణ మది. 1518లో స్పెయిను నావికులు ఆ తీరము వెంట పోవుచు దానివంటి పట్టణములను చూచి అబ్బురపడిరి. ఇప్పుడు వినోదనౌకలలో వచ్చువారు అదే తీరమున దిగి, ఆ కట్టడములను చూచి, “ఈ మాయావారు ఎట్లు మాయమైరి?” అని ప్రశ్నింతురు.

వారు మాయము కాలేదు. సుమారు ముప్పది మాయాభాషలు నేటికిని బ్రదికి యున్నవి; వానిని మాటాడువారు లక్షలకొలది కలరు. ఆ యాత్రికులకు అన్నము వడ్డించు చేయియు, బండి నడపు చేయియు తరచుగా వారివే. నగరములు పాడువడినవి గాని జాతి పోలేదు. శిథిలమును చూచినవాడు మనిషిని చూడకపోవుటయే అచటి చిత్రము.

పులికాటు కథ దీనికి తలక్రిందు. ఇచట శిథిలములు కట్టినవారు పోయిరి. వారికి పడవ నడపి, బట్ట నేసి, ఉప్పు మోసినవారి సంతతి మిగిలినది. కాని చూడవచ్చినవాని చూపు అచటను ఇచటను ఒక్కటే.

దీవిలోని ఊరు

సరస్సు నడుమ ఇరకము అను దీవి కలదు. భీములవారిపాలెము నుండి పడవలో తప్ప అచటికి దారి లేదు. ఉప్పు, పప్పు, మందు, పెండ్లిపందిరి గుంజ, సమస్తము పడవ యెక్కి రావలసినదే. నీరు పలుచబడిన నెలలలో పడవ అడుగు బురదకు తగులును. అప్పుడు గెడ వేయువాని భుజబలమే దిక్కు.

సరస్సుపై బ్రదుకు పల్లెకారులకు చదువుకొన్నవారు తెలిసికొనదగిన కట్టుబాట్లు కలవు. పులికాటు పట్టణపు చుట్టుపట్ల పల్లెలలో ‘పాడు’ అను ఏర్పాటు ఉన్నది. మంచి రొయ్య దొరకు తావులు ఏ ఒక్కరి సొత్తును కావు. ఏ నాడు ఎవరు ఎచట వల వేయవలెనో చీట్లు వేసి నిర్ణయించుకొని, వంతు మార్చుకొందురు. నేడు మేలైన చోటు దొరకినవానికి రేపు సామాన్యమైన చోటు రావచ్చును. బలవంతుడు అన్నియు మ్రింగకుండ తాతల నాడు కట్టుకొన్న కట్ట ఇది. సర్కారు పుస్తకములు పుట్టకమున్నే ఈ నీటికి న్యాయము పుట్టినది.

తూర్పున శ్రీహరికోట కలదు. ఆ అడవి దీవిలో యానాదులు తేనె, దుంపలు, మూలికలు సేకరించుకొని బ్రదుకుచుండెడివారు. అచటి వంటచెరకు బకింగుహాము కాలువ వెంట పడవలలో చెన్నపట్టణమునకు పోవుచుండెను. 1969లో ఆ దీవిని రాకెట్టు ప్రయోగములకు ఎన్నుకొనిరి. యానాదులను వారి తావులనుండి కదలించి కాలనీలలో నిలిపిరి. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్టు లేచినది; 2023లో చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమును చేరిన నౌకయు ఇచటినుండియే బయలుదేరినది. దేశమంతయు గర్వించిన ఆ ఘనతకు చోటు విడిచి తొలగినవారు యానాదులని పాఠములలో ఒక్క వాక్యమైన ఉండవలదా?

కదలికలు ఇంకను ఆగలేదు. ముఖద్వారములు ఇసుక మేటవేసి పూడిపోవుటచే సరస్సుకు ఊపిరి తగ్గుచున్నదని పల్లెకారులు మొరపెట్టుచున్నారు. చేప తగ్గినకొలది ఇరు రాష్ట్రముల జాలరుల నడుమ తగవులు పెరుగును. దుగరాజపట్టణమున పెద్ద ఓడరేవు నిర్మింతుమని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టమున వ్రాసిరి. మొదటి దశకు 2018 గడువు పెట్టిరి. గడువు దాటిపోయినది, రేవు రాలేదు. ఊరివారు ఓడలకొరకు ఎదురుచూచుటయు, ఓడలు తమ్ము విడిచి పోవుటయు ఈ తీరమునకు 1640 నుండి అలవాటైన పనియే.

2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఈ తావులు తిరుపతి జిల్లాలో చేరినను, జనుల నోట ఇది నెల్లూరు తీరమే. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట పాఠశాలల బాలురకు ఇది కూతవేటు దూరము. వారిని తీసికొనిపోవు ఉపాధ్యాయులు దినమును రెండుగా విభజించిన మేలు. పూర్వాహ్ణము రాళ్లకు: తేదీలు వ్రాసికొనవలెను, ఎవరు కట్టించిరో, ఆ ధనము ఎట్లు వచ్చినదో అడుగవలెను. అపరాహ్ణము ఊరికి: గాలుల పేర్లు, వలల పేర్లు, నీటి పోకల పేర్లు ఎవరి నోట విన్నవో వారి పేరుతోనే వ్రాసికొనవలెను. స.వెం. రమేశ్ తన ‘ప్రళయకావేరి కథలు’లో ఈ సరస్సు పలుకుబడిని అక్షరములలో నిలిపినారు. ఆ మాటలలో నిఘంటువులకెక్కనివి ఇంకను ఎన్నియో కలవు.

అందుకు కావలసినది ఒక రూళ్ల పుస్తకమును, ఒక పెన్సిలును. పుస్తకము నింపుటకు, ఇరకము రేవున గెడ ప్రక్కనబెట్టి కూర్చున్న ముసలి పడవవా డొక్కడు చాలును.