రుద్రదేవ మహారాజు మన రుద్రమ్మే: మగ పేరు వెనక అసలు సంగతి

ఈ ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతా. ఆ మధ్య నేనొక షార్ట్ పెట్టాను, చూసే ఉంటారు. "ఆడపిల్లని ఎవరికీ తెలియకుండా మగపిల్లాడిలా పెంచిన రాజు" అని. నా వీడియోల్లో అంత బాగా వెళ్ళింది ఇంకోటి లేదు. కింద ఒక తమ్ముడు, "అక్కా, ఇది సినిమాలో ఉంది సరే, శాసనంలో ఉందా?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఉద్యోగం చేసేటప్పుడు టెస్ట్ చేయకుండా కోడ్ పంపిస్తే ఎంత సిగ్గుగా ఉండేదో, అంత సిగ్గేసింది. అందుకే కూర్చుని చదివాను. ఇవాళ దాని సంగతి.

ముందు జపాన్ వెళ్ళొద్దాం. 'ఓఓకు' అని ఒక మాంగా ఉంది. రాసింది ఫుమి యోషినాగా. 2004లో మొదలై 2020 వరకు వచ్చింది, 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో యానిమే కూడా వచ్చింది. కథ ఏంటంటే, ఒక వింత మశూచి వచ్చి దేశంలో మగపిల్లలు ఎక్కువమంది చచ్చిపోతారు. షోగన్ ఇయెమిత్సు కూడా పోతాడు. వారసుడు లేడని బయటికి పొక్కితే యుద్ధాలే. దాంతో కోటలో పెద్దావిడ ఒకరు అతని కూతుర్ని తెచ్చి, అదే పేరుతో గద్దె మీద కూర్చోబెడుతుంది. తరవాత తరాల్లో ఆడవాళ్ళే షోగన్లు, కానీ పేర్లు మాత్రం మగ పేర్లు. చాలా ఏళ్ళకి యోషిమునె అనే ఆడ షోగన్‌కి డౌటొస్తుంది: మనకి ఈ మగ పేర్లెందుకు? పాత దస్తావేజు తెప్పించి చదువుతుంది. అక్కడి నుంచి కథ వెనక్కి వెళ్తుంది.

అది కల్పన. మనకి మాత్రం నిజంగానే జరిగింది. మన దస్తావేజు కాగితం కాదు, రాయి.

కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు, అంటే 60 ఏళ్ళు దాటి ఏలాడు. మన వెలనాడు ఆయన చేతిలోకి వచ్చింది. దివిసీమ జాయప సేనాని అక్కచెల్లెళ్ళు నారాంబ, పేరాంబలను పెళ్ళి చేసుకున్నాడు. అన్నీ ఉన్నాయి, గద్దెకి కొడుకు లేడు. కూతుళ్ళు ఇద్దరు: రుద్రమ, గణపాంబ. పెద్ద రాజ్యం, చుట్టూ సామంతులు, ఒక్కొక్కడికీ సొంత సైన్యం. ముసలాయన ఎప్పుడు పోతాడా అని చూసేవాళ్ళకి కొదవేముంటుంది?

ఆయనేం చేశాడంటే రుద్రమకి 'రుద్రదేవ మహారాజు' అని పేరు పెట్టి, తను బతికుండగానే పాలనలో కూర్చోబెట్టాడు. ఆ పేరు ఊరికే రాలేదు. వేయిస్తంభాల గుడి కట్టించింది ఆయన పెదనాన్న రుద్రదేవుడు. ఇంటి పెద్ద పేరు మనవరాలి వరస పిల్లకి పెట్టారన్నమాట. విద్యానాథుడి 'ప్రతాపరుద్రీయం' కూడా, కూతుర్ని కొడుకుగా ఎంచి ఆ పేరు పెట్టాడనే చెప్తుంది.

మరి అది రహస్యమా? ఇక్కడే నా షార్ట్ బోల్తా కొట్టింది.

మందడం, వెలగపూడి పేర్లు మీకు తెలుసు, సచివాలయం ఉన్న చోటు. ఆ పక్కనే మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. ఆ రెండు ఊళ్ళూ విశ్వేశ్వర శివాచార్యులకి దానం ఇచ్చింది రుద్రమ. ఆ ఆదాయంతో నడపాల్సిన వాటిలో ఆరోగ్యశాల ఉంది, ప్రసూతిశాల ఉంది. ఆ రాతిలో ఆమె గణపతిదేవుడి కూతురే. అంటే పట్టాభిషేకం నాటికే ఆడమనిషని లోకానికి తెలుసు. దాచలేదు, రాయి మీద చెక్కించి నిలబెట్టారు!

అలాంటప్పుడు మగ పేరెందుకు? నాకు అర్థమైంది చెల్లెల్ని చూశాక. గణపాంబని ధరణికోట బేతరాజుకి ఇచ్చి చేశారు. భర్త పోయాక ఆ సీమని ఆవిడే ఏలింది, సొంత పేరుతోనే. మన గుంటూరు దగ్గర యనమదలలో ఆవిడ శాసనం ఉంది. ఒకే తండ్రి కూతుళ్ళు, ఒకే కాలం. చెల్లికి అక్కర్లేని మగ పేరు అక్కకెందుకు కావాల్సి వచ్చింది?

తేడా ఎక్కడుందో చూడండి. చెల్లి ఏలింది భర్త సీమ, ఆయన పోయాక, ఆయన స్థానంలో. అది జనం అంతకుముందు చూసిందే. అక్క కూర్చున్నది తండ్రి గద్దె మీద, వారసుడిగా. ఆ కుర్చీకి 'మహారాజు' అన్న మాటే ఉంది. కాబట్టి మగ పేరు ముసుగు కాదు, హోదా. మనిషిని మార్చలేదు, కుర్చీకి సరిపోయే మాట మనిషికి తగిలించారు. పెళ్ళి కూడా దాయలేదు. నిడదవోలు చాళుక్యుడు వీరభద్రుడు ఆమె భర్త. రాజ్యం మాత్రం ఆయనది కాలేదు.

ఇక కోటలో కుట్రల సంగతి. హరిహరదేవుడు, మురారిదేవుడు అనే దాయాదులు తిరగబడితే అణిచేసిందని మనందరం విన్నాం. అది 'ప్రతాపచరిత్ర'లోది. ఆమె తరవాత చాలా కాలానికి రాసిన పుస్తకం. శాసనాల్లో ఆ పేర్లు దొరకవు. అందుకని అది కథగానే చెప్తున్నా.

శాసనాలకెక్కిన తిరుగుబాటు వేరే ఉంది. కాయస్థ అంబదేవుడు. అన్నలు రుద్రమకి నమ్మకస్తులు, ఈయన ఎదురు తిరిగాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన గెలుపుల చిట్టా గొప్పగా చెక్కించుకున్నాడు. దానికి కొంచెం ముందు, నల్గొండ వైపు చందుపట్లలో ఇంకో శాసనం: 1289 నవంబరు 27. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వాళ్ళ పుణ్యం కోసం దానం చేస్తున్నానని సేనాని మనిషి ఒకడు వేయించాడు. రాణి, సేనాని పేర్లు ఒకే రాయి మీద ఉన్నాయంటే యుద్ధంలోనే పోయి ఉంటారని చరిత్రకారులు అంటారు. చంపింది అంబదేవుడేనని చాలామంది అనుమానం. ఆ రాయి మాత్రం ఆ మాట చెప్పదు.

మన బాపట్ల జిల్లాకీ ఇందులో ఒక ముక్క ఉంది. చినగంజాం దగ్గర మోటుపల్లి రేవు. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకుని రాజులు లాక్కునేవాళ్ళు. గణపతిదేవుడు అలా చేయనని వర్తకులకి అభయశాసనం వేయించాడు. తరవాత మార్కో పోలో ఈ రాజ్యం గురించి రాశాడు. సన్నటి బట్టల్నీ, వజ్రాల్నీ, న్యాయంగా ఏలిన రాణినీ మెచ్చుకున్నాడు. కానీ ఆమెని పోయిన రాజు భార్య అనుకున్నాడు! భర్త పోతే భార్య ఏలడం ఆయన లెక్కకి అందింది. కూతురు ఏలడం అందలేదేమో.

చివరిగా నా సంగతి. మా ఊరు సంగం జాగర్లమూడి, గుంటూరు-తెనాలి రైలెక్కినోళ్ళకి బోర్డు గుర్తుంటుంది. బీటెక్ రోజుల్లో ఫోన్లో ఒక గేమ్ ఆడేదాన్ని. నా పేరుతో ఆడితే గెలిచినా "ఎవరో ఆడిపెట్టారు" అనేవాళ్ళు. మగ పేరు పెట్టాను. అదే ఆట, అదే వేళ్ళు, టీమ్‌కి కెప్టెన్ అయ్యాను. నేను దాక్కున్నాను, రుద్రమ దాక్కోలేదు. అది పెద్ద తేడా. కానీ ఇద్దరం అద్దెకి తెచ్చుకున్నది ఒకటే మాట. దాదాపు 760 ఏళ్ళ తరవాత కూడా ఆ అద్దె కడుతున్నాం. నాకు బాధ అక్కడ.

పాత షార్ట్ తీసేయను. తప్పు ఎక్కడుందో పిన్ చేసిన కామెంట్‌లో రాశాను, ఆ ప్రశ్న అడిగిన తమ్ముడికి థ్యాంక్స్ కూడా. మీ ఊరి గుళ్ళో శాసనం రాయి ఉంటే ఒక ఫొటో తీసి పంపండి. సున్నం కొట్టేసి ఉన్నా సరే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.