రూపాయి పొట్లము

పల్లెయైనను బస్తీయైనను, నేడు కిరాణాకొట్టు ముంగిట మామిడాకుల తోరణమువలె వ్రేలాడునవి షాంపూ, కాఫీపొడి, కొబ్బరినూనె, పచ్చళ్ల పొట్లాల సరములు. కొట్టుయజమాని అందుండి ఒకదానిని చించి యిచ్చుటయు, కొన్నవాడు దాని మూలను పంటితో తుంచి, వాడి, పారవైచుటయు మన దేశమున ప్రతిదినము ఎన్నిమారులు జరుగునో లెక్కించువారు లేరు.

ఈ విద్యకు ఆద్యులలో ఒకరు తమిళనాట కడలూరి చిన్నికృష్ణన్. ధనికుడు వాడు వస్తువు కూలివానికిని అందవలెనన్నది ఆయన సంకల్పము. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ సోదరులనుండి వేరుపడి, 1983లో 15,000 రూపాయల పెట్టుబడితో చిక్ షాంపూ నారంభించి, పల్లెవీథులలో పిల్లల తలలు అంటించి చూపి, ఖాళీ పొట్లాలు తెచ్చినవారికి నిండుది ఊరక యిప్పించి, తుదకు అర్ధరూపాయికే దానిని అమ్మించెను. పెద్ద కంపెనీలును ఆ బాటనే పట్టినవి.

అంతకుమున్ను ఆదివారపు తలంటి యనగా ఇల్లెల్ల పనియే. కుంకుడుకాయలు రాతిపై చితుకగొట్టి, గింజలేరి, వేడినీట నానవైచి, పిసికి, నురుగుతీసి, కన్నులు మూసికొమ్మని పిల్లవానిని గద్దించి, మంటయని వాడు కేకపెట్టగా నోట ఉప్పుకల్లు వేసి, ఎట్లో ముగించునప్పటికి జాము ప్రొద్దెక్కెడిది. (ఆ మంటను తలచి నిట్టూర్చువారిలో నేను లేను, షాంపూ వచ్చి పిల్లల కన్నులు బ్రదికినవి.)

నాకు విచారము గొల్పునది కొలత పోవుట. సీసా చేతబట్టుకొని నూనెకు పోయిన ఇల్లాలు "గిద్దెడు చాలు"నని తన యవసరమును తానే నిర్ణయించెడిది. ఆ నిర్ణయమిప్పుడు కర్మాగారమునకు పోయినది. నాణెము మారదు గనుక, ముడిసరకు ధర పెరిగినప్పుడెల్ల లోపలి గ్రాములు తగ్గును. ఐదురూపాయల బిస్కత్తు పొట్లము ధర నిలుపుకొని తూకము పోగొట్టుకొన్నది అందువలననే. చిన్నమొత్తమే కదా యని జంకక చేయిచాచు ఈ యలవాటే పెరిగి పెరిగి, ఫోనునకును మోటారుసైకిలునకును నెలవాయిదా యెంతని అడిగి, మొత్తమెంతయని అడుగుట మరచిన గృహస్థుని తయారుచేసినది. పేదకు సౌలభ్యమని పొట్లమును మెచ్చువారి మాట అబద్ధము కాదు, కాని అది సగము మాట.

మిగిలిన సగము మురుగుకాలువలో నున్నది. ప్లాస్టిక్కును, తరచు అల్యూమినియమును పొరలుగా అతికి చేసినదగుటచే దానిని విడదీయుట దుర్లభము. గుప్పెడు ఏరినను తూకమునకు రాదు కావున, చెత్తకుప్పలో సరకేరుకొని బ్రదుకు స్త్రీ సైతము దానిని వదలి సీసాను మాత్రమే సంచిలో వేసికొనును. వానకాలమున కాలువ పూడి వీథి మునిగినప్పుడు పారిశుద్ధ్య కార్మికుడు పారతో పైకి తీయు నల్లని ముద్దలో మెరయునవి ఈ రూపాయి ముక్కలే. రూపాయి పుచ్చుకొన్నవారిలో ఒక్కరును ఆ గట్టున కానరారు.

2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నియమములు గుట్కా, పొగాకు, పాన్‌మసాలాల ప్లాస్టిక్ పొట్లాలను నిషేధించినవి. 2022 జూలై 1 నుండి నిషిద్ధములైన వస్తువుల పట్టికలో చెవిపుల్లల ప్లాస్టిక్ కాడలు, స్ట్రాలు, చెంచాలు, ఐస్‌క్రీము పుల్లలు చేరినవి. షాంపూ పొట్లము ఆ పట్టికలో లేదు.