సూదా... కలమా?

చేత్తో ఏదైనా చేయాలన్న సరదా చాలామందికి ఉంటుంది. సరైనది ఎంచుకోకపోతే నాలుగు రోజులకే అది అటకెక్కుతుంది. నర్సాపురం లేసు అల్లకం, శ్రీకాళహస్తి కలంకారీ... రెండూ అందమే. తేడా తెలిసేది తప్పు చేసినప్పుడు!

లేసు అల్లే క్రోషియాకి కొక్కెం సూది, దారపు ఉండ ఉంటే చాలు. అల్లికంతా ఒకే దారంతో నడుస్తుంది కాబట్టి ఎక్కడైనా తప్పితే దారం లాగేసి, అక్కణ్నుంచి మళ్లీ అల్లుకోవచ్చు. పప్పు ఉడికేలోగా ఓ వరస వేసి పక్కన పెట్టేయొచ్చు.

కలంకారీ అలా కాదు. నూలుబట్టని కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టాలి. చింతబొగ్గుతో వేసిన బొమ్మ మీద వెదురు కలంతో 'కసిమి' గీయాలి. బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో పులియబెట్టి చేసే ద్రవమిది. కరక్కాయ పట్టిన బట్టమీద నల్లగా తేలుతుంది. బొగ్గుగీతైతే దులిపేయొచ్చు, దీన్ని చెరపలేం. ఆపైన పటిక, రంగులు, ఉతుకులు... నీళ్లూ ఎండా చోటూ కావాలి.

కాబట్టి అరగంటా పావుగంటా తీరిక దొరికేవాళ్లకి సూదే నయం. బొమ్మలేసే అలవాటు, ఎండపడే డాబా, రోజుల తరబడి ఓపిక ఉన్నవాళ్లకి కలం. ఎటూ తేలకపోతే క్రోషియాతోనే మొదలుపెట్టడం మేలు. అక్కడ తప్పుల ఖరీదు కాస్త దారం... అంతే!