తొలకరిలో రాళ్ల వేట: విత్తే పదును పోనివ్వకండి

తొలకరి నాలుగు చినుకులు పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, పెరవలి చేలల్లోకి, అనంతపురం జిల్లా వజ్రకరూరు వంకల్లోకి జనం బయలుదేరుతారు. సద్దిమూట కట్టుకుని, తల వంచుకుని, పొద్దుగూకే దాకా నేల వెదుకుతారు. వారిలో సెంటు భూమి లేని కూలీలున్నారు, విత్తనం ఇంట్లో పెట్టుకుని వచ్చిన రైతులూ ఉన్నారు. వేరుశనగ విత్తే అదునూ అదే, రాళ్లు కనబడే అదునూ అదే. చిక్కంతా అక్కడే ఉంది. అందుకే ఈ రాళ్ల సంగతేమిటో, పొలాన్ని ఎలా కాపాడుకోవాలో తెలుసుకుందాం.

రాళ్లు ఎక్కడివి?

వజ్రం మన చేలో పుట్టింది కాదు. భూమిలో దాదాపు 150 కిలోమీటర్లు, అంతకుమించిన లోతున వేడికీ ఒత్తిడికీ కర్బనం వజ్రంగా మారుతుంది. కింబర్లైట్ అనే శిల కరిగి పైకి తన్నుకొచ్చినప్పుడు కొన్ని వజ్రాలు దాంతోపాటు వచ్చాయి. వజ్రకరూరు ప్రాంతంలో ఇలా వచ్చిన శిలలున్నాయి. అవి పైకొచ్చి సుమారు 110 కోట్ల ఏళ్లయింది. ఆ శిల ఎండకు, వానకు చివికి మట్టయింది. గట్టి రాళ్లు మాత్రం మిగిలి, వాగులు, వంకల వెంట దొర్లి గులకల్లో కలిశాయి. వాన మట్టిని కడిగితే రాయి పైకి తేలుతుంది. అంతేగాని ఏటా కొత్తగా పుట్టదు. నిరుడు ఒకరికి దొరికిన చోటే ఈ ఏడు మనకూ దొరుకుతుందన్న భరోసా లేదు.

రంగురాళ్ల కథ వేరు. జహీరాబాద్, వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కొన్నిచోట్ల నల్లరేగడి కింద ఉన్నది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా. అది చల్లారినప్పుడు లోపల బుడగలు మిగిలాయి. ఊట నీటిలోని సిలికా వాటిలో పొరలు పొరలుగా పేరుకుని అగేట్ అయింది. దీన్నే సులేమాని రాయి అంటారు. కోస్తే ఉల్లిగడ్డ పొరల్లా చారలుంటాయి. ఇనుము కలిస్తే ఎరుపు తిరుగుతుంది. కృష్ణ, గోదావరి గులకల్లోనూ ఇవి కనబడతాయి. శాతవాహనుల నాటి పూసలు దొరికిన మెదక్ ప్రాంతపు కొండాపురంలో ఇలాంటి రాతి పూసలూ ఉన్నాయి.

గుర్తుపట్టేదెలా?

పలుగురాయి: మెరిసేవాటిలో ఎక్కువ భాగం ఇదే. చెక్కుచెదరని పలుకైతే ఆరు పక్కలుండి కొన మొనదేలి ఉంటుంది.

సులేమాని రాయి: పైన గరుకుగా, మామూలు గులకలాగే ఉంటుంది. తడిపి ఎండకు పట్టి చూస్తే వెలుగు మసకగా లోపలికి దిగుతుంది, చారలు కనబడతాయి. మామూలు రకానికి ధర తక్కువే. కోసి, సానబట్టిన తర్వాతే దానికి విలువ.

వజ్రం: నూనె రాసినట్టు జిడ్డు మెరుపు ఉంటుంది. తరచు ఎనిమిది ముఖాలతో, అంచులు కాస్త గుండ్రబడి కనిపిస్తుంది. అదే పరిమాణం పలుగురాయి కన్నా బరువు.

గాజును గీస్తే వజ్రమేనంటారు. అది తప్పు. గట్టిదనంలో గాజు సుమారు 5.5, పలుగురాయి 7, వజ్రం 10. పలుగురాయి కూడా గాజును గీస్తుంది. సుత్తితో కొట్టి చూడడం అంతకన్నా తప్పు. వజ్రం గీతకు లొంగదు గాని దెబ్బకు చీలిపోతుంది. చేతికొచ్చిన రాయిని చేజేతులా పాడు చేసుకోవద్దు.

దొరికితే ఏం చేయాలి?

ముందు తూకం వేయించి రాసిపెట్టుకోండి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాము, అంటే గ్రాముకు 5 క్యారెట్లు. తూకం తెలియని రైతుకు దళారీ చెప్పిందే ధర. పొలం గట్టు మీదే బేరం ముగించకండి. తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురికి చూపండి. అమ్మే ముందు నిబంధనలేమిటో గనుల శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

గోతులు మాత్రం తవ్వవద్దు. లీజు లేకుండా ఖనిజం తవ్వడం 1957 నాటి గనుల చట్టం ప్రకారం నేరం. రిజర్వు అడవిలో తవ్వితే అటవీ కేసు కూడా అవుతుంది. విశాఖ మన్యం వైపు రంగురాళ్ల కోసం తవ్విన సొరంగాలు కూలి ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి.

పొలం జాగ్రత్తలు

తడి నేలను వందమంది తొక్కితే మట్టి అణిగిపోయి గొర్రు దిగదు. గోతులు పడితే వాననీరు పైమట్టిని కోసుకుపోతుంది. కాబట్టి పదును రాగానే మొదట విత్తండి. విత్తిన చేలోకి ఎవరినీ రానీయకండి. పక్క రైతులతో కలిసి గట్టు మీద బోర్డు పెట్టండి. ఉన్న గోతులను పూడ్చి, తెగిన గట్టు కట్టుకోండి. ఇతరుల చేలోకి అడగకుండా మీరూ వెళ్లకండి.

వెదకాలనుంటే గుంటక తోలేటప్పుడు, కలుపు తీసేటప్పుడు సాళ్లలో చూపు ఉంచండి. మట్టి కదిలి, మళ్లీ వాన కడిగాక రాయి బయటపడే వీలుంటుంది. పొద్దు వాలినప్పుడు సూర్యుడికి ఎదురుగా నడిస్తే మెరుపు బాగా తెలుస్తుంది. దానికి వేరే కూలి దండగ లేదు.

పది రోజులు వెదకబోతే పది రోజుల కూలి పోయినట్టే. రాయి దొరుకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఎర్రనేలలో పదును నాలుగు రోజులకు మించి ఆగదన్నది మాత్రం మనందరికీ తెలిసిందే.